ప్లాస్టిక్ సర్జన్‌ని తరచుగా అడిగే ప్రశ్నలు: ఈ పని ఎందుకు, ఇందులో దక్కేదేమిటి

హనుమకొండలో ప్లాస్టిక్ సర్జన్‌గా పనిచేస్తున్నాను. ఓపీలో పేషెంట్ల బంధువులు, పెళ్లిళ్లలో చుట్టాలు, హౌస్ సర్జన్సీ పిల్లలు నన్ను అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. ఏ బ్రాంచి తీసుకోవాలో తేల్చుకోలేకపోతున్న మెడికల్ విద్యార్థులను మనసులో పెట్టుకుని ఈ జవాబులు రాస్తున్నాను. మిగతావాళ్లకూ పనికొస్తాయి.

ఇన్ని బ్రాంచీలు ఉండగా ఇదే ఎందుకు తీసుకున్నారు?

జనరల్ సర్జరీ పీజీలో ఉన్నప్పుడు బర్న్స్ వార్డులో డ్యూటీలు పడేవి. రాత్రింబవళ్లు సెలైన్లు, డ్రెస్సింగులు, జ్వరాలు. ఎలాగో ప్రాణం నిలబెట్టి ఇంటికి పంపేవాళ్లం. కొన్ని నెలలకు అదే మనిషి మళ్లీ ఓపీకి వచ్చేది. గడ్డం ఛాతీకి అతుక్కుపోయి తల పైకెత్తలేదు. వేళ్లు అరచేతిలోకి ముడుచుకుపోయి ముద్ద కలుపుకోలేదు. పక్కనున్నవాళ్లు "పానం దక్కింది, అదే సాలు" అనేవాళ్లు. ఆ దక్కిన ప్రాణంతో ఆమె రేపటి నుంచి ఎట్లా బతకాలన్నది ఎవరి లెక్కలోనూ ఉండేది కాదు. ఆ లెక్క చూసే బ్రాంచి ఇదని అప్పుడే తెలిసింది. నేను దీనికి రావడానికి మొదటి కారణం అదే.

రెండో కారణం పనిలో ఉన్న వైవిధ్యం. గుండె డాక్టర్‌కు గుండె ఉంది, కంటి డాక్టర్‌కు కన్ను ఉంది. మాకు ఫలానా అవయవం అని లేదు. నెత్తి మీది తోలు నుంచి అరికాలి పుండు దాకా అన్నీ మావే. యాక్సిడెంట్‌లో కాలు విరిగి ఎముక బయటికి కనిపిస్తుంటే ఎముకల డాక్టర్ ఫోన్ చేస్తారు. గుట్కా క్యాన్సర్‌కు దవడ తీసేయాల్సి వస్తే క్యాన్సర్ సర్జన్ ఫోన్ చేస్తారు. ఒక కేసులో చేసింది ఇంకో కేసుకు అచ్చంగా సరిపోదు. గాయం చూసి, ఎక్కడి చర్మం తెచ్చి ఎక్కడ పెట్టాలో ప్రతిసారీ కొత్తగా ఆలోచించాల్సిందే.

మూడోది ఇంటి నుంచి వచ్చింది. మా అమ్మ జాకెట్లు కుట్టేది. ఉన్న గుడ్డలోనే కొలత సరిపెట్టి కత్తిరించడం చూస్తూ పెరిగాను. ఫ్లాప్ (రక్తనాళాలతో సహా మళ్లించి గాయం మీద కప్పే చర్మం) వేసేటప్పుడు మేమూ అలాగే గాజ్ గుడ్డను గాయం ఆకారానికి కత్తిరించి, చర్మం తీయాల్సిన చోట పరిచి, చుట్టూ ఇంకుతో గీత గీస్తాం. గుడ్డ చెడితే ఇంకో మీటరు కొనుక్కోవచ్చు. మనిషి చర్మం ఉన్నంతే. అందుకే కత్తి పట్టుకోకముందు గీతకే ఎక్కువ సమయం పెడతాను.

ప్లాస్టిక్ సర్జరీ అంటే అందం కోసం చేసేదే కదా?

అది ఒక భాగం. ఈ విద్య పుట్టింది మాత్రం పోయినదాన్ని తిరిగి నిలబెట్టడానికి. తెగిన ముక్కును చెంప చర్మంతో తిరిగి చేసే పద్ధతి సుశ్రుత సంహితలోనే ఉంది. 1792లో టిప్పు సుల్తాన్‌తో యుద్ధంలో ఇంగ్లీషు సైన్యానికి ఎడ్లబండి తోలే కవాస్జీ అనే మనిషి పట్టుబడి ముక్కు పోగొట్టుకున్నాడు. పుణె ప్రాంతంలో ఈ పని వంశపారంపర్యంగా తెలిసిన ఒకాయన కవాస్జీ నుదుటి చర్మాన్ని దించి కొత్త ముక్కు చేశాడు. ఆ సంగతి 1794లో లండన్ పత్రికలో బొమ్మతో సహా అచ్చయింది. అది చదివిన కార్‌ప్యూ అనే సర్జన్ 1814లో లండన్‌లో అదే ఆపరేషన్ చేశాడు. నుదుటి చర్మంతో ముక్కు చేయడం ఇప్పటికీ మా థియేటర్‌లో జరుగుతోంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికుల కోసం హెరాల్డ్ గిల్లీస్ అనే సర్జన్ పడిన శ్రమతో ఆధునిక ప్లాస్టిక్ సర్జరీ రూపుదిద్దుకుంది. 1954లో అమెరికాలో మొదటి కిడ్నీ మార్పిడిని విజయవంతంగా చేసిన జోసెఫ్ ముర్రే కూడా ప్లాస్టిక్ సర్జనే. కాలిపోయిన సైనికులకు వేరేవాళ్ల చర్మం వేస్తే శరీరం దాన్ని ఎందుకు నెట్టేస్తోందన్న ప్రశ్నే ఆయన్ని కిడ్నీ దాకా నడిపించింది. 1990లో నోబెల్ వచ్చింది.

మన దగ్గరే చెప్పుకోవాలంటే నిజామాబాద్ పక్కన డిచ్‌పల్లి ఉంది. ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ 1915లో అక్కడ కుష్ఠు రోగుల కోసం ఆస్పత్రి మొదలుపెట్టింది. కుష్ఠుతో నరాలు దెబ్బతిని వేళ్లు కొంకర్లు పోతే, పనిచేస్తున్న స్నాయువును (కండను ఎముకకు కలిపే తాడులాంటి భాగాన్ని) మళ్లించి వేళ్లను మళ్లీ చాపించే ఆపరేషన్లను 1940ల చివర్లో వెల్లూరులో పాల్ బ్రాండ్ అనే సర్జన్ అభివృద్ధి చేశారు. ఊరు వెలివేసిన మనిషి చేతికి మళ్లీ పని చేతనయ్యేలా చేయడం కన్నా గొప్ప పని ఏముంటుంది? నేను పాఠాలు చెప్పాల్సి వచ్చినప్పుడు అందంతో కాకుండా దీంతోనే మొదలుపెడతాను.

మన వైపు నుంచి ఎలాంటి కేసులు ఎక్కువగా వస్తాయి?

ఏ పంట నడుస్తుందో వార్డు చూసి చెప్పొచ్చు. మక్కలు ఒలిచే మిషన్‌లో, పసుపు మిషన్‌లో చేయి పడ్డవాళ్లు వస్తారు. పిండిగిర్నీ బెల్టుకు చీర కొంగో జడో చుట్టుకుని నెత్తి తోలు మొత్తం ఊడివచ్చిన ఆడవాళ్లు వస్తారు. కరీంనగర్ గ్రానైట్ పనుల్లో నలిగిన వేళ్లు, సిరిసిల్ల మరమగ్గాల దగ్గర తెగిన వేళ్లు. ఎండాకాలం తునికాకు కోసం ములుగు, భూపాలపల్లి అడవుల్లోకి పోయినవాళ్ల మీద ఎలుగుబంటి పడుతుంది. అది తరచుగా ముఖాన్నే చీలుస్తుంది. వీటికి తోడు షుగర్ పుండ్లు, బైక్ యాక్సిడెంట్లు ఏడాది పొడవునా ఉంటాయి.

నన్ను ఎక్కువ బాధపెట్టేది కరెంటు. పొలం ఎండుతుంటే రైతు లైన్‌మన్ కోసం ఎదురుచూడలేక తనే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పోయి ఫ్యూజు వేస్తాడు. 11 కేవీ లైన్ షాక్ కొడితే బయట చిన్న మచ్చే కనిపిస్తుంది, లోపల కండ ఉడికిపోయి ఉంటుంది. చేయి వాచి బిగుసుకుపోతుంది. వెంటనే నిలువునా కోసి ఆ ఒత్తిడి వదిలించకపోతే చేయి మొత్తం పోతుంది. చెడిన కండ తీసేశాక నరాలు, స్నాయువులు బయటపడితే చేతిని పొత్తికడుపు పక్కన కుట్టి మూడు వారాలు అలాగే ఉంచుతాం, అక్కడి చర్మం చేతికి అంటుకునేదాకా. ఆ మూడు వారాలు అన్నం పెట్టాలన్నా, లుంగీ కట్టాలన్నా భార్యే చేయాలి. ఇదంతా ఒక్క ఫ్యూజు కోసం. దయచేసి ఎవరూ ట్రాన్స్‌ఫార్మర్ ముట్టుకోవద్దు. తడి ఒకరోజు ఆలస్యమైతే పంట తట్టుకుంటుంది.

మీకు అన్నిటికన్నా తృప్తినిచ్చేది ఏది?

మా పనిలో ఫలితం కళ్లెదుట కనిపిస్తుంది. బీపీ తగ్గిందో లేదో మిషన్ చెప్పాలి. గ్రాఫ్ట్ (వేరే చోట తీసి గాయం మీద పరిచిన చర్మం) పట్టిందో లేదో డ్రెస్సింగ్ విప్పగానే నాకూ, సిస్టర్‌కూ, పేషెంట్‌కూ ఒకేసారి తెలుస్తుంది. తొడ నుంచి పలుచటి చర్మం తీసి గాయం మీద పరిచాక ఐదో రోజు వరకు కట్టు విప్పం. ఆలోగా కింది నుంచి రక్తనాళాలు అందులోకి పాకాలి. ఐదో రోజు సెలైన్‌తో తడుపుతూ ఒక్కో పొర తీస్తుంటే వార్డులో మాటలు ఆగిపోతాయి. అడుగున చర్మం గులాబీ రంగులో అంటుకుని ఉంటే చాలు, ఆ రోజు నాకు ఆకలి కూడా గుర్తుండదు. నల్లబడి జారిపోతే మళ్లీ మొదటికి.

తెగిన వేలిని తిరిగి అతికించేటప్పుడు అంతకన్నా ఎక్కువ. వేలి రక్తనాళం ఒక మిల్లీమీటరు మందం ఉంటుంది. మైక్రోస్కోపు కింద వెంట్రుక కన్నా సన్నటి దారంతో దాన్ని కుడతాం. గంటలు పడుతుంది. కుట్లు అయ్యాక రక్తనాళానికి పెట్టిన క్లిప్పు వదిలితే, అప్పటిదాకా మైనం రంగులో ఉన్న వేలి చివరకు రక్తం ఎక్కుతుంది. థియేటర్‌లో అందరం గోరు వైపే చూస్తుంటాం.

అసలు తృప్తి మాత్రం ఆ తర్వాత ఎన్నో నెలలకు వస్తుంది. సిరిసిల్ల వైపు నుంచి ఒక నేత కార్మికుడు వచ్చాడు. మణికట్టు దగ్గర నరం, స్నాయువులు తెగాయి. కుట్టాం. నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. మణికట్టు నుంచి వేలి చివరకు చేరాలంటే ఆరు నెలలు. ఆ ఆరు నెలలూ ఆయన అడిగింది ఒక్కటే: "మేడం, పోగు అతకొస్తదా?" మగ్గం మీద దారం తెగితే బొటనవేలు, చూపుడువేలు కలిపి ముడి వేయాలి. చూపుతో కాదు, స్పర్శతో. అది రాకపోతే ఆ పని లేదు. ఫిజియోథెరపిస్ట్ కూడా ఆయనతో గింజలు ఏరించడం, దారాలు పట్టించడం చేయించాడు. చివరికి ఒకరోజు ఆయన జేబులోంచి దారం ముక్క తీసి, తెంపి, నా టేబుల్ మీద కళ్లు మూసుకుని ముడి వేశాడు. పూర్తి బలం రాలేదు, చలికాలం వేళ్లు తిమ్మిరెక్కుతాయి. కానీ మగ్గం ఎక్కాడు. మా పుస్తకాల్లో చేతి పనితనం కొలవడానికి చాలా స్కేళ్లు ఉన్నాయి. నాకు ఆ ముడి చాలు.

కాలి ముడుచుకుపోయిన చేతిని విడదీసిన తర్వాత పత్తి ఏరడానికి పోయామని చెప్పే ఆడవాళ్లదీ ఇదే మాట. "మంచిగైంది" అని ఊరికే అనరు, ఇన్ని కిలోలు ఏరామని చెప్తారు.

గ్రహణం మొర్రి పిల్లల ఆపరేషన్లు చేస్తారా? అది గ్రహణం వల్లే వస్తుందా?

చేస్తాను, చాలా ఇష్టంగా చేస్తాను. గ్రహణానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. గర్భం దాల్చిన మొదటి నెలల్లో ముఖం తయారయ్యేటప్పుడు రెండు వైపుల నుంచి వచ్చే భాగాలు సరిగా కలవకపోవడం వల్ల వస్తుంది. కొంత వంశపారంపర్యం, కొంత పోషకాల లోపం, కొన్ని మందులు, పొగ వంటివి కలిసి కారణమవుతాయి. ప్రపంచమంతటా సుమారు 700 కాన్పులకు ఒకరు ఇలా పుడతారు.

ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానంటే, ప్రతిసారీ నింద తల్లి మీద పడుతుంది. గ్రహణం నాడు కూరగాయలు కోసిందనో, బయట తిరిగిందనో అత్తగారింట్లో అంటారు. పాప నోట్లో పాలు నిలవవు, ముక్కులోంచి వస్తాయి, తల్లి ఎవరికీ చూపించకుండా కొంగు కప్పుకుని వస్తుంది. అప్పుడు నేను మొదట చేసేది ఆపరేషన్ గురించి చెప్పడం కాదు. భర్తను, అత్తను కూర్చోబెట్టి, ఈమె తప్పు ఏమీ లేదని వాళ్ల ముందే చెప్తాను. తర్వాత కాస్త నిటారుగా పట్టుకుని గిన్నె, చెంచాతో పాలు పట్టడం సిస్టర్ నేర్పుతుంది. బరువు పెరిగితే పెదవికి దాదాపు మూడు నెలల వయసులో, అంగిలికి ఏడాది అటూ ఇటూగా ఆపరేషన్ చేస్తాం. అంగిలి ఆలస్యమైతే మాట ముక్కుతో వస్తుంది, అందుకే "పెద్దయ్యాక చూద్దాం" అనొద్దు. 1999లో మొదలైన స్మైల్ ట్రైన్ సంస్థ భాగస్వామ్య ఆస్పత్రుల్లో ఈ ఆపరేషన్లు ఉచితం.

ఆపరేషన్ చేస్తే మచ్చ పూర్తిగా పోతుందా?

పోదు. ఏ ప్లాస్టిక్ సర్జన్ చేసినా కోత ఉన్నచోట గీత ఉంటుంది. దాన్ని సన్నగా, కనిపించని మడతలో పెట్టడమే మా నేర్పు. కొత్త మచ్చ ఎర్రగా, ఎత్తుగా ఉండి మెత్తబడటానికి ఏడాది పైనే పడుతుంది.

డబ్బు కోసమే కాస్మెటిక్ సర్జరీలు చేస్తారని అంటారు. నిజమేనా?

వాటితో డబ్బు వస్తుంది, నేను కూడా చేస్తాను. చాలా క్లినిక్‌లలో అద్దె, జీతాలు వాటి మీదే నడుస్తాయి. అందులో సిగ్గుపడాల్సింది నాకు కనిపించదు. రొమ్ములు పెరిగిన అబ్బాయి బనీను విప్పలేక దోస్తులతో ఈతకు పోవడం మానేస్తాడు, పెళ్లి సంబంధం అంటే భయపడతాడు. చిన్న ఆపరేషన్‌తో అతని భుజాలు నిటారుగా అవుతాయి. బరువైన రొమ్ములతో మెడ, వెన్ను నొప్పి భరిస్తూ ఎవరికీ చెప్పుకోలేని ఆడవాళ్లు ఉన్నారు. వీళ్ల బాధ చిన్నదని నేను అనను.

వెనక్కి పంపేవాళ్లూ ఉన్నారు. హీరోయిన్ ఫొటో తెచ్చి అదే ముక్కు కావాలనేవాళ్లను, తెల్లబడటానికి ఇంజెక్షన్ అడిగేవాళ్లను పంపేస్తాను. సంబంధాలు చూస్తున్నామని తల్లి లాక్కొస్తే, నోరు విప్పని అమ్మాయిని విడిగా కూర్చోబెట్టి నీకు కావాలా అని అడుగుతాను. "వద్దు మేడం" అంటే, మీ అమ్మాయికి సర్జరీ అవసరం లేదని తల్లికి నేనే చెప్తాను. ఆ మాట డాక్టర్ నోటి నుంచి వస్తే ఇంట్లో చెల్లుతుంది.

సంపాదన ఎలా ఉంటుంది?

బాగానే ఉంటుంది, ఆలస్యంగా మొదలవుతుంది. మీ ఇంజనీరింగ్ స్నేహితులు ఇల్లు కొనుక్కునేటప్పటికి మీరింకా స్టైపెండ్ మీదే ఉంటారు. కాలిన గాయాల పనిలో శ్రమకు తగ్గ డబ్బు రాదు, గంటల తరబడి డ్రెస్సింగులకు రేటు కట్టేవాళ్లు లేరు. ఇల్లు గడవడానికి కావాల్సింది వస్తుంది. అదనంగా సీతాఫలాల సీజన్‌లో బుట్టలు, కొత్త పసుపు, పెళ్లి శుభలేఖలు వస్తాయి. కాలిన ముఖంతో మా దగ్గర పెరిగిన పిల్ల పెళ్లి శుభలేఖ వస్తే ఎంత దూరమైనా పోతాను.

చదువు ఎన్నేళ్లు?

ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు, జనరల్ సర్జరీలో ఎంఎస్ మూడేళ్లు, నీట్ ఎస్ఎస్ అనే ప్రవేశ పరీక్ష రాసి ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ మరో మూడేళ్లు. మొత్తం పదకొండున్నర. ఆ తర్వాత కూడా మైక్రోసర్జరీ చేయి కుదరాలంటే ఇంకా సాధన కావాలి.

ఆడపిల్లలకు ఇది కష్టమా?

ఎవరికైనా కష్టమే, నిలబడే గంటలు ఎక్కువ. ఇంట్లో వంట, పిల్లలు అన్నీ ఆమె మీదే వేస్తే కష్టమవుతుంది, కత్తి వల్ల కాదు. కాలిన గాయాలతో వచ్చే ఆడవాళ్లు తమ ఒళ్లు, తమ కథ ఆడ డాక్టర్‌కు తేలిగ్గా చూపిస్తారు, చెప్తారు. ఈ బ్రాంచిలో మనవాళ్లు ఇంకా చాలామంది కావాలి.

ఇందులో భరించలేనిది ఏది?

ఒళ్లు సగానికి పైగా కాలి, స్పృహతో, స్పష్టంగా మాట్లాడుతూ వచ్చే మనిషి. మొదటి రోజు "నాకేం కాదు కదా మేడం" అని అడుగుతుంది. రాబోయే పది రోజుల్లో ఇన్ఫెక్షన్ ఏం చేయగలదో మాకు తెలుసు. స్టవ్ పేలిందని చెప్తుంది, అత్తింటివాళ్లు పక్కనే నిలబడి ఉంటారు. నేను వాళ్లను బయటికి పంపి అడుగుతాను. మెజిస్ట్రేట్ వచ్చి వాంగ్మూలం రాసుకునేదాకా ఆమె దగ్గర మా సిస్టర్ కూర్చుంటుంది. కొందరు బతుకుతారు, బతికాక తీసుకుపోవడానికి ఎవరూ రారు. ఇలాంటి రోజుల్లో ఇంటికి పోయినా మాట్లాడబుద్ధి కాదు. మరుసటి రోజు డ్రెస్సింగుల లిస్టు ఉంటుంది కాబట్టి వెళ్తాను. ఈ బాధకు అలవాటు పడిపోవాలని నేను అనుకోను.

హైదరాబాద్‌లో ఉంటే ఇంకా పెద్ద పేరు వచ్చేది కదా?

తెగిన చేతికి టైమే ప్రాణం. మణికట్టు పైన తెగిన చేతిని, అందులో కండ ఉంటుంది కాబట్టి, దాదాపు ఆరు గంటల్లో రక్తం ఎక్కించాలి. ఏటూరునాగారం నుంచి వరంగల్ రావడానికే సగం పొద్దు పోతుంది, ఇంకో 150 కిలోమీటర్లు హైదరాబాద్ పంపితే చేతి మీద ఆశ ఏం మిగులుతుంది? ఇక్కడ ఒక సర్జన్, ఒక మైక్రోస్కోపు, రాత్రి పూట వచ్చే మత్తు డాక్టర్ ఉంటే మిగిలే వేళ్లు చాలా ఉన్నాయి.

డబ్బు లేనివాళ్ల సంగతేమిటి?

కాలిన గాయాలకు, యాక్సిడెంట్ కేసులకు సంబంధించిన చాలా ఆపరేషన్లు ఆరోగ్యశ్రీలో ఉన్నాయి. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో దాని పరిమితి కుటుంబానికి 10 లక్షలు. అందం కోసం చేసేవి అందులో రావు. ఆస్పత్రికి రాగానే ఆరోగ్యమిత్రను కలవండి, ఆధార్, రేషన్ కార్డు వెంట ఉంచుకోండి. అప్పు చేసి భూమి అమ్ముకున్నాక వచ్చి అడగడం కన్నా ముందే అడగడం మంచిది.

మీ పని తేలిక కావాలంటే మేమేం చేయాలి?

కాలిన వెంటనే పంపు నీళ్ల కింద 20 నిమిషాలు ఉంచండి. టూత్‌పేస్టు, ఇంకు, పసుపు, ఐసు పెట్టొద్దు. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసేయండి. శుభ్రమైన గుడ్డ కప్పి తీసుకురండి. కరెంటు షాక్ అయితే ముందు మెయిన్ ఆఫ్ చేయండి, గాయం చిన్నగా కనిపించినా ఆస్పత్రికి రండి.

వేలు తెగితే గాయం మీద గుడ్డతో గట్టిగా అదిమి పట్టి, చేయి పైకెత్తి ఉంచండి. తెగిన ముక్కను శుభ్రమైన నీళ్లతో కడిగి, తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి కట్టి, ఆ కవర్‌ను ఐసు ఉన్న ఇంకో కవర్లో పెట్టండి. ఐసు నేరుగా తగిలితే, నీళ్లలో నానితే ఆ ముక్క పనికిరాదు. 108కు ఫోన్ చేయండి. దారిలో పేషెంట్‌కు టీ, నీళ్లు, అన్నం ఏమీ పెట్టొద్దు, మత్తు ఇవ్వాల్సి ఉంటుంది. ఎంత నలిగినా, ఎంత చిన్నదైనా ఆ ముక్క వెంట తెండి. అతికించలేకపోయినా దాని మీది చర్మమో, గోరో, నరమో పక్క వేలికి పనికొస్తుంది.